చేపల్ని లెక్కపెట్టే ముల్లు

ఏడో తరగతిలో నేను బడి మానేసిన రోజు మా సారు మిఠాయి పంచారట. నిన్న బ్యాటరీ దుకాణంలో ఘాటు వాసన తగలగానే గల్ఫ్‌లోని సూర్ రేవు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా బాపు అక్కడ పడవల ఎలక్ట్రీషియన్. ఇంటిల్లిపాదీ ఒకే రూములో ఉండేవాళ్లం.

ఆ ఏడు, బాపు పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్న అర్బాబ్ పడవకు చేపలు పడలేదు. "నీ వైరింగు కరెంటు నీళ్లలోకి పోతోంది, చేపలు బెదురుతున్నాయి. ఈసారి పడకపోతే నీ వీసా ఖలాస్" అన్నాడా యజమాని.

శుక్రవారం సెలవు వదులుకుని, నన్ను వెంటబెట్టుకుని పడవెక్కిన బాపు మీటరు తీగ ఒకటి బ్యాటరీకి, ఒకటి సముద్రంలోకి పెట్టాడు. ముల్లు లేచింది, అంటే కరెంటు నీళ్లలోకి కారుతోంది. సాయంత్రానికి పాడైన పంపు వైరు దొరికింది. అది విప్పగానే ముల్లు సున్నాకు పడింది. ఆ ముల్లు చేపల్ని లెక్కపెడుతోందనుకున్న నేను, అయ్యో, అన్నీ వెళ్లిపోయాయని బెంగపడ్డాను. బాపు అలసి కునుకు తీస్తుంటే వైరు మళ్లీ కలిపాను.

పడవ ఖాళీగా తిరిగొచ్చింది. బాపు అర్బాబ్‌ను బతిమాలి ఇంకో శుక్రవారం పనిచేసి ఆ వైరు మళ్లీ విప్పాడు. అప్పుడు చేపలు పడ్డాయి, వీసా నిలిచింది. వైరు వల్లో, గాలి మారడం వల్లో తెలియదు.

నిన్ననే ఫోనులో నిజం ఒప్పుకుని, "కరెంటుకు చేపలు నిజంగనే పారిపోతయా బాపూ?" అని అడిగాను.

"ఎందుకు పారిపోవురా? వాటి పాస్‌పోర్టులు అర్బాబ్ దగ్గర లేకుండె గదా."