తెరుచుకోని కత్తి

ఏలూరు స్టేషన్లో ఉదయం 06:10కి దిగాం. వాన. మాది ఆర్మీ సెక్షన్, తొమ్మిది మందిమి, ఒక రబ్బరు బోటు, ఒక మోటారు, రెండు వైర్‌లెస్ సెట్లు. గుండుగొలను దాకా లారీలో హైవే మీద వెళ్లి, అక్కడ కొల్లేరు వైపు తిరిగాం. 09:30కి రోడ్డు నీళ్లలోకి వెళ్లిపోయింది. మిగతా దూరం బోటు మీద. మా మకాం ఒక లంక గ్రామంలో స్కూలు మేడ. కింది గదుల్లో నడుంలోతు నీళ్లు.

వరద డ్యూటీ మీరు టీవీలో చూసే ఉంటారు. పిల్లల్ని ఎత్తుకున్న జవాన్లు, చేతులు జోడించే ముసలివాళ్లు. అదీ జరిగింది. నేను చెప్పేది మాత్రం వేరే.

మాది తాడేపల్లిగూడెం. సెక్షన్లో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఊరివాళ్లతో మాటలన్నీ నా నెత్తిన పడ్డాయి. నాకు ఇంకో పని కూడా ఉండేది, అది ఎవరూ అప్పగించింది కాదు. చెక్క పిడి మడతకత్తులు బాగుచేయడం. సంతలో దొరికే చవకరకమే. పిడిని ఆకురాయితో ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లకి అరగదీసేవాణ్ణి. బ్లేడు దూరే గాడిని కాస్త వెడల్పు చేసి, గరుకు కాగితంతో రుద్ది, పిడిని రెండు రోజులు అవిసె నూనెలో నానేసేవాణ్ణి. ఆ నూనే అసలు కిటుకు. నూనె పట్టని చెక్క తడికి ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, ఇక తెరవలేరు. మాలో మిగతా ఎనిమిది మందికీ అలా చేసిచ్చాను.

నా అనుమానపు బుద్ధి గురించి కూడా ముందే చెప్పాలి. పాలు పొంగినా ఎవరో మంట పెంచారంటారు మీరు, అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. నిజమే.

మూడో రోజు 14:15. నేను మేడ మీద ఉన్నాను. మా బోటు కరెంటు స్తంభానికి నీలం నైలాన్ తాడుతో కట్టి ఉంది. మెట్ల దగ్గర సెంట్రీ. తాటి దోనె మీద ఒకాయన వచ్చి బోటు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తాడు చూపించి ఏదో అన్నాడు. గాలికి నాకు వినపడలేదు. మొలకి ఒక మడతకత్తి వేలాడుతోంది. వీడికి మా తాడుతో ఏం పనో అనుకున్నాను.

15:05కి సెంట్రీ విజిల్. బోటు లేదు. స్తంభానికి తెగిన తాడు ముక్క. "అటు తిరిగి చూసేలోపల కోసేశారు" అన్నాడు సెంట్రీ.

"ఎవరినైనా చూశావా?" అని హవల్దార్ నన్ను అడిగాడు.

"దోనె మీద ఒకాయన తిరిగాడు సాబ్. కత్తి ఉంది."

అతను కోయడం చూశావా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆయన పారిపోలేదు. పక్కవీధిలోనే ఉన్నాడు. మేడ మీదకి తెచ్చి కూర్చోబెట్టారు. రేడియో ఆపరేటర్ సెట్ అందుకున్నాడు. "కంట్రోల్, బోటు పోయింది. ఒకణ్ణి పట్టుకున్నాం." అటునుంచి జవాబు: "పోలీసులు వస్తున్నారు. అప్పటిదాకా వదలొద్దు."

"మా ఆవిడ, ఇంకో పదకొండు మంది చేపలచెరువు గట్టు మీద ఉన్నారండి" అన్నాడాయన నాతో. "మీ బోటు పంపమని అడగడానికే వచ్చానండి. నా దోనె నేను కాక ఇద్దరికి మించి మొయ్యదండి. ఊళ్లో మిగిలింది అదొక్కటేనండి. నన్నొదిలితే అదేసుకునన్నా వెళ్తానండి."

ఆ మాటలు హిందీలో చెప్పాను. హవల్దార్ కత్తి చూపించాడు. "తెరవమను."

"ఏవండీ, అది తెరవండి."

గోరుతో లాగాడు. రాలేదు. పళ్లతో లాగాడు. "రాదండి. రెండ్రోజుల్నించి నీళ్లలోనే నానుతోందండి."

"నాటకాలు" అన్నాడు హవల్దార్.

కత్తి నేను తీసుకున్నాను. చెక్క ఉబ్బి గాడి మూసుకుపోయింది. లాగితే నా గోరు చీలింది. అప్పుడే అర్థమైంది. ఆ కత్తి ఆ రోజు దారప్పోగు కూడా కోసి ఉండదు.

నోరు విప్పలేదు నేను. ఊళ్లో ఇంకో దోనె లేదు, ఆయన కాకపోతే మాలో ఒకడు. ఇరవై నిమిషాలు అలాగే ఉన్నాను. గడియారం చూసుకున్నాను కాబట్టి తెలుసు. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

"నీళ్లు గట్టెక్కేస్తాయండి" అన్నాడాయన మళ్లీ. "మీరైనా చెప్పండి. మీది మనవైపేగా అండి, మాటలో తెలుస్తుంది."

లేచాను. "కత్తులివ్వండి, నూనె పెడతాను" అంటూ అందరి దగ్గరికీ వెళ్లాను. అది నేను రోజూ చేసేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఆరు శుభ్రంగా ఉన్నాయి. ఏడోది సెంట్రీది. బ్లేడు తిరిగే మేకు దగ్గర నీలం నైలాన్ పీచు.

మెట్ల మీద అతని పక్కన కూర్చున్నాను. "ఎందుకు కోశావు?"

"నీళ్లు పెరిగి తాడు బిగిసింది. బోటు ముక్కు మునుగుతోంది. ముడి రాలేదు. కోశాను, తాడు చేతిలోంచి జారిపోయింది. దోనె అతను ముందునుంచీ తాడు చూపించి ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు భాష రాదు కదా."

"మరి ఆయన మీదకి తోశావేం?"

"నేనెవరినీ చూపించలేదు. చూపించింది నువ్వు."

ఆ కత్తి పట్టుకుని లేచాను.

హవల్దార్‌కి చెప్పాను. 15:50కి ఆయన్ని వదిలేశారు. "పొరపాటైందని చెప్పు" అన్నాడు హవల్దార్. నేను చెప్పేలోపలే ఆయన మెట్లు దిగి దోనె ఎక్కాడు. ఇద్దరిద్దరు చొప్పున ఆరు ట్రిప్పులు. చివరిది 18:20కి వచ్చింది. అందులో ఆయన భార్య ఉంది. మోకాళ్లపై దాకా నీళ్లలో నిలబడి, మిగతావాళ్లందరినీ ముందు పంపిందట. పన్నెండు మందీ క్షేమం. బోటు మర్నాడు కిక్కిస పొదల్లో చిక్కుకుని దొరికింది. సెంట్రీకి పడాల్సిన శిక్ష పడింది. నాకు ఏ శిక్షా లేదు.

ఎనిమిదో రోజు వెనక్కి వచ్చేశాం. బాగా పనిచేశామని అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. రిటైరై గూడెంలో ఉంటున్నాను. కత్తులు ఇప్పటికీ చేస్తాను. వరద కబుర్లు చెప్పమని ఎవరైనా అడిగితే నీళ్ల లోతు చెబుతాను, గంటలు చెబుతాను. వెనక్కి బయల్దేరిన పొద్దుటి సంగతి మాత్రం చెప్పను.

ఆ పొద్దున్న ఆయన స్కూలు మెట్ల దగ్గరే ఉన్నాడు. నా సొంత కత్తి తీసి ఆయన ముందు పెట్టాను. "ఏవండీ, ఇది ఉంచుకోండి. నూనె పట్టించాను. ఎంత తడిసినా తెరుచుకుంటుంది."

కత్తిని చూశాడు. పని తెలిసినవాడు, బాగుందని కళ్లలో కనిపించింది.

"వద్దండి బాబూ" అన్నాడు మెల్లగా. "రేపు ఇంకేదన్నా తెగితే, నా దగ్గర తెరుచుకునే కత్తి ఉండకూడదండి."

చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, నేను బోటెక్కేదాకా అలాగే నిలబడ్డాడు.