దెయ్యాల కొంపకు మేస్త్రీ

ఇంట్లో వినపడే ఏ చప్పుడైనా సరే, దాని ఊరూ పేరూ చెప్పందే పాంచూదా ఊరుకోడు. ముప్ఫయ్యేళ్ళు ఉత్తర కలకత్తాలో పాతిళ్ళకు మరమ్మతులు చేసిన మేస్త్రీ. అసలు పేరు పంచానన్ హాజ్రా. మా సందులో పసివాళ్ళ నుంచి పళ్ళూడిన వాళ్ళ దాకా అందరికీ ఆయన పాంచూ అన్నే, పాంచూదా. భుజానికి గుడ్డసంచీ, అందులో చిన్న సుత్తి. కిర్రుమంటే "తలుపు బందు" అంటాడు. టక్కుమంటే "పైపు" అంటాడు. ఏ చప్పుడూ లేకపోతే మరీ అనుమానం, గోడను రెండు తట్లు తట్టి చెవి ఆనిస్తాడు.

ఓసారి ఆయన మేనకోడలికి సంబంధం చూడబోయాం. పెళ్ళికొడుకువాళ్ళు సందేశ్ మిఠాయిల పళ్ళెం ముందు పెట్టారు. పాంచూదా సందేశ్ వదిలేసి గోడ తట్టాడు.

"పడమటి గోడ బోలుగా ఉంది. ఇందులో పిల్లనెలా ఇస్తాం?"

"మావాడిది బ్యాంకు ఉద్యోగమండీ!"

"గోడ కూలితే బ్యాంకు అడ్డం నిలబడుతుందా?"

చివరికి పెళ్ళయింది. పెళ్ళికి ముందు ఆ గోడ తనే పడగొట్టి కట్టించి ఇచ్చాడు.

ఇంకోసారి డాక్టరు ఆయన గుండె మీద గొట్టం పెడితే, దాన్ని లాక్కుని గోడకు పెట్టి విన్నాడట. "నాకేం లేదు డాక్టరుగారూ, నెమ్ము చేసింది మీ గోడకి!"

ఇలాంటి మనిషిని దెయ్యాల సినిమాకి పిలవడం నాదే తప్పు. మా సందు క్లబ్బుకి కార్యదర్శిని నేను. వానాకాలం, ఆడడానికీ తిరగడానికీ లేదు. ఎవరి దగ్గరో పాత నలుపు తెలుపు సినిమా దొరికింది. పరాయి దేశంలో ఏదో పెద్ద భవంతి, అందులో దెయ్యాలు. మా సందులో ఎవరూ చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి వేస్తామని చాటింపేశాను.

అప్పుడు గానీ మా బీథీ అక్క, బీథీదీ, సంగతి గుర్తురాలేదు. పధ్నాలుగో నంబరు మేడ మీద గదిలో ఆవిడ పిల్లలకు పాటలు నేర్పుతుంది. అదే ఆవిడ బతుకుతెరువు. నెల్లాళ్ళుగా పాఠం మధ్యలో గోడలోంచి టక్ టక్‌మని చప్పుడు. ఇంకేముంది, ఆ ఇంట్లో "వారు" తిరుగుతున్నారని సందంతా పాకింది. నిజంగా భయపడేవాళ్ళు మా వైపు దెయ్యాన్ని దెయ్యమనరు, మర్యాదగా "వారు" అంటారు. పదిహేడుమంది పిల్లలు ముగ్గురికి దిగారు. మానేసినవాళ్ళలో సోమవారానికి కూడా ఎవరూ తిరిగి రాకపోతే గది ఖాళీ చేసి బర్ధమాన్‌లో చెల్లెలి ఇంటికి పోతానంది బీథీదీ. సరిగ్గా ముందురోజు నేను దెయ్యాల కొంప సినిమా పెట్టాను! నా తెలివికి నన్నే కొట్టుకోవాలనిపించింది.

ఆదివారం క్లబ్బు హాలు కిక్కిరిసింది. ఒళ్ళో మరమరాల పొట్లాలతో పిల్లల తల్లులంతా వచ్చారు. బీథీదీ ఓ మూల ఒంటరిగా కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క దెయ్యాల సినిమా అయినా చూడని పాంచూదా నా పక్కన.

పావుగంటకు తెర మీద గోడలోంచి టక్, టక్. హాలంతా బిగుసుకుపోయింది. మొట్టమొదట తన పిల్లను పాటలు మానిపించిన శేఫాలీ వదిన, మా శేఫాలీ బౌది, మెల్లగా తల తిప్పి బీథీదీ వైపు చూసింది. ఆవిడ తల దించుకుంది.

"ఆపండి!" పాంచూదా లేచి నిలబడ్డాడు. "ఆ చప్పుడు మళ్ళీ వెయ్యండి."

"కూర్చో పాంచూదా! అది దెయ్యం!"

"దెయ్యమైతే ఇంత తాళం తప్పకుండా కొడుతుందా? పైపు! లోపల గాలి పట్టింది."

నవ్వులు, తిట్లు. కాసేపటికి తలుపు మూలిగింది. "బందు! నూనె మొహం చూసి ఎన్నాళ్ళయిందో!" గాలి ఊళేసింది. "కిటికీ చట్రం చెద తినేసింది!" చీకట్లో బొట్టు, బొట్టు. "పైన స్నానాలగది కారుతోంది! ఎవడు కట్టాడీ ఇల్లు?"

సగం సినిమా అయ్యేసరికి హాలంతా అదే పని. మళ్ళీ కిర్రుమంది. "బందు!" అన్నాడు పాంచూదా.

"కాదు, గడియ!" అని అరిచింది శేఫాలీ బౌది.

"శభాష్ బౌదీ! గడియే!"

ఆఖర్న కథానాయిక కేకలు పెడుతూ కారెక్కితే అరవై గొంతులు ఒక్కసారిగా, "పారిపోకమ్మా, మేస్త్రీని పిలువు!"

దీపాలు వెలిగాయి. శేఫాలీ బౌది నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "అయితే బీథీదీ ఇంట్లోదీ పైపేనా?" అంది.

"మరేమనుకున్నారు? రేపటినుంచి నేనే వచ్చి చూస్తాను. చాలా రోజుల పని. మీరు పిల్లల్ని పంపండి."

సోమవారం పదకొండుమంది వచ్చారు.

ఆ ఆదివారమే దుప్పట్లు మడుస్తూ అడిగాను, "సినిమా ఎలా ఉంది పాంచూదా?"

"ఏమో, చూడలేదు. మొదటి టక్కుకే కళ్ళు మూసుకున్నాను."

"మరి అన్నీ చెప్పావు?"

"చెవులు మూసుకోలేదుగా."

"సరే, బీథీదీ ఇంట్లో పైపు ఎప్పుడు మారుస్తావు?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇదివరకే మూడుసార్లు తట్టి చూశానురా. గోడ రాయిలా ఉంది. అందులో పైపు లేదు."

"అయితే ఆ చప్పుడు?"

"వారిదే," అన్నాడు పాంచూదా. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

మొన్న గురువారం చూద్దామని వెళ్ళాను. ఇరవైమంది పిల్లలు పాడుతున్నారు. పాంచూదా ఒళ్ళో సుత్తి పెట్టుకుని, సరిగ్గా ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాడు. పాట మధ్యలో టక్, టక్‌మంది. ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. అయినా గొంతు చించుకుని "పైపు!" అన్నాడు. పిల్లలు పాట ఆపలేదు.

నేనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. గోడకు మాత్రం ఆనుకోలేదు.