ఐపీ పెట్టబోయి ఊరేగాం

తెనాలిలో మా షామియానా సప్లయర్స్ మూతపడే రోజుల్లో మా ఆయన గడప దాటడం మానేశారు. కరోనా కాలంలో పెళ్లిళ్లు ఆగిపోయి అప్పు చేశాం. ఆ తర్వాత పెళ్లిళ్లన్నీ ఏసీ హాళ్లకు వెళ్లిపోయాయి, మా పందిళ్లను అడిగే దిక్కు లేదు. బ్యాంకు లోను కాక చేబదుళ్లు రెండు: ఒకటి బాపట్లలో మా ఆయన పెదనాన్న కొడుకు దగ్గర, రెండోది రేపల్లెలో చేపల వ్యాపారం చేసే ఒక అక్క దగ్గర.

“ఐపీ పెట్టేద్దాం,” అన్నారు ఒక ఉదయం, చల్లారిన ఇడ్లీల ముందు తల వంచుకుని.

మా వైపు ఫలానావాడు ఐపీ పెట్టాడని చెప్పుకునేటప్పుడు గొంతు తగ్గిస్తారు. నాకేమో అదేంటో సరిగ్గా తెలియదు. తెలియనిదానికి భయపడటం దేనికని, ఆయన్ని లాక్కుని మాకు తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాను.

“చూడమ్మా,” అన్నారు ఆ పెద్దాయన, “ఐపీ అంటే అప్పు తీర్చడం నా వల్ల కాదని కోర్టుకి చెప్పుకోవడం. ఉన్న ఆస్తి కోర్టు చేతిలోకి వెళ్తుంది, అప్పులవాళ్లకి పంచుతారు. అంతకంటే ముందు వేరే దారులున్నాయి. బ్యాంకుతో మాట్లాడి, కొంత తగ్గించుకుని ఒకేసారి కట్టేయొచ్చు. చేబదులిచ్చినవాళ్లతో రాజీపడి కాగితం రాసుకోవచ్చు. కానీ ఒకళ్లకి ఇచ్చేది ఇంకొకళ్ల దగ్గర దాచొద్దు. రేపు ఐపీ దాకా వస్తే అదే మెడకి చుట్టుకుంటుంది.”

“జైల్లో వెయ్యరాండి?” అడిగారు మా ఆయన.

“దేనికయ్యా, పందిళ్లు వేసినందుకా?”

నాకు నవ్వు ఆగలేదు. కాసేపటికి మా ఆయనకూ ఆగలేదు. ఎన్నాళ్లకు ఆ నవ్వు విన్నానో!

ఆ రోజే చేబదులిచ్చిన ఇద్దరికీ ఫోన్ చేసి, ఎవరికి ఎంత బాకీ ఉన్నామో దాచకుండా చెప్పాం. మర్నాడు రైలెక్కి రేపల్లె వెళ్లాం. దారి పొడుగునా ఏం చెప్పాలో మా ఆయన గొణుక్కుంటూనే ఉన్నారు. తీరా అక్క ఆయన్ని నోరు తెరవనివ్వలేదు.

“తమ్ముడూ, నీ దగ్గర టార్పాలిన్లున్నాయా? ఎండుచేపలు ఆరబెట్టిన రోజే వాన వచ్చి చస్తున్నా. అవి నాకిచ్చెయ్యి. వంట గుండిగలు కూడా.”

“దాంతో మొత్తం తీరదు కదక్కా?”

“తీరకపోతే వదిలేశాననుకో. ముందు అన్నం తినండి.”

బాపట్ల బావగారు మేడ మీద చిన్న హాలు కట్టారు, పుట్టినరోజులకీ సీమంతాలకీ. ఆయనకు మా రాజా రాణీ కుర్చీలు, సీరియల్ లైట్లు కావాలట. అక్కను అడిగితే, “ఇచ్చేయండి,” అంది. ఆ సామానుతో బాకీ చెల్లిపోయినట్టేనని ఇద్దరూ ప్లీడరు గారి ముందు కాగితం మీద సంతకాలు పెట్టాక ఒక ట్రాలీ ఆటో మాట్లాడాం.

డ్రైవరు పక్కన లైట్ల పెట్టెలు సర్దాక మాకు చోటు మిగల్లేదు. వెనకాల ఆ కుర్చీలు తప్ప కూర్చోవడానికేం లేదు. ఎర్ర మఖమలు, బంగారు రంగు సింహాలు. నలుగుతాయని మేమెన్నడూ వాటి మీద కూర్చోలేదు. ఆ రోజు దర్జాగా కూర్చున్నాం. పొన్నూరు సెంటర్లో ఆటో ఆగితే బస్సు నిండా కాలేజీ అమ్మాయిలు కేకలు పెట్టారు. గడప దాటని మా ఆయన మంత్రిగారిలా చెయ్యూపారు.

ముంజలమ్మే ఆమె దగ్గరికొచ్చి, “పెళ్లెప్పుడైంది బాబాయ్?” అంది.

“ఇప్పుడే అవుతోందమ్మా! అమ్మాయికి నేను నచ్చానో లేదో అడుగు!”

“ఆలోచిస్తున్నానండి,” అన్నాను నేను. ఆమె పడీపడీ నవ్వి, రెండు ముంజలు చేతిలో పెట్టి డబ్బులు తీసుకోనంది. బాపట్ల చేరేసరికి నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పెట్టాయి. మమ్మల్ని ఆ వాలకంలో చూసి బావగారు గేటు తియ్యడం మర్చిపోయారు.

గోడౌను స్థలం అమ్మి బ్యాంకుతో ఒకేసారి తేల్చుకున్నాం. ఐపీ అవసరం రాలేదు. వచ్చినా నేనిప్పుడు గొంతు తగ్గించను. ఇప్పుడు మా ఆయన బావగారి హాల్లోనూ, ఆ ఏసీ హాళ్లలోనూ పూల అలంకరణ చేస్తున్నారు. పొద్దున్నే స్కూటీ నేను నడుపుతాను. ఆయన వెనక పూల బస్తా వాటేసుకుని కూర్చుని, “నెమ్మదిగా వెళ్లవే, బంతిపూలు ఎగిరిపోతున్నాయి!” అని బజారంతా వినపడేలా అరుస్తుంటారు.