ఎడమచేతి ముడి

ఆ నర్సరీలో ఆమె భర్తను అందరూ అంట్ల మాస్టారు అనేవారు. ఒక మొక్క కొమ్మను ఇంకో మొక్క మొదలుకు అంటు కట్టడంలో ఆయన చెయ్యి మంచిది. "పేరుకే అంట్ల మాస్టారు. ఇంట్లో అంట్లు తోమిన పాపాన పోలేదు" అని ఆమె నలుగురిలోనూ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆమె పరదాలు కుట్టేది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ముందు గదిలో మిషను, బాల్కనీ అనిపించుకోవడానికి సరిపడా కాస్త చోటు. మిషను కింద రాలిన గుడ్డ అంచులను ఆయన ఏరుకుని జేబులో కుక్కుకునేవాడు. అంటు కట్టడానికి ప్లాస్టిక్ పట్టీల కన్నా అవే నయమట. ఊరందరికీ మొక్కలు పంచిన మనిషి ఇంటికి ఒక్కటీ తేలేదు. అడిగితే "నీకు మామూలుది ఎందుకు? వేరేగా కడతాలే" అనేవాడు. ఇరవై రెండేళ్లు అదే మాట. ఒక ఉదయం పనికి బయలుదేరుతూ, చెప్పులు తొడుక్కుంటూనే గుండె ఆగి గుమ్మంలో కూలిపోయాడు.

ఆ తర్వాత ఆమె నర్సరీ వీధిలో అడుగు పెట్టలేదు. దారాల కొట్టుకు కూడా చుట్టు తిరిగి వెళ్లేది. రెండేళ్లకు నర్సరీ యజమానురాలే కబురు పంపింది. మొక్కలకు నీడగా కప్పే ఆకుపచ్చ వల గాలికి చిరిగిందని, వచ్చి కొలతలు తీసుకుని కుట్టిపెట్టమని. కాదనడానికి నోరు రాక వెళ్లింది.

టేపు పట్టుకుని వల వెంట నడుస్తూ నీళ్ల ట్యాంకు వెనక్కి వచ్చింది. అక్కడన్నీ పగిలిన కుండీలు, ఖాళీ ఎరువు సంచులు. వాటి మధ్య ఒక కుండీలో మోకాలెత్తు మొక్క ఒకటి, నాలుగు పసుపు ఆకులతో పక్కకు ఒరిగి ఉంది. దాని నడుముకు బూడిద రంగు గుడ్డ పట్టీ, పట్టీ పొడవునా సన్నటి ఎర్ర దారం.

ఆ గుడ్డ ఆమెకు తెలుసు. ఆయన పోవడానికి మూడు వారాల ముందు పళ్ల డాక్టరు గదులకు కుట్టిన పరదాలది. ముడి కూడా తెలుసు. ఆయనది ఎడమచేతి వాటం. అందరి ముడీ ఒకవైపు తిరిగితే ఆయనది ఇంకోవైపు తిరుగుతుంది. చేతిలోని కొలతల కాగితం ఎప్పుడు జారిందో చూసుకోలేదు.

"అక్కడంతా చెత్తే, టైలరమ్మగారూ" అంది యజమానురాలు. "శుక్రవారం బండి వస్తే పంపించేస్తాం. మొక్క కావాలంటే ఇటు రండి, మంచిది ఇస్తాను."

"నాకిదే కావాలండీ."

ముసలి మాలి వచ్చి గొంతుక్కూర్చుని పట్టీని తడిమి చూశాడు. "అంటు అతుక్కున్నాక మూడో నెలలో దీన్ని కోసెయ్యాలమ్మాయ్. కోసేవాడు పోయాడు. మేమా, ఇటు చూడనే లేదు. ట్యాంకు కారే నీళ్లకే ఇన్నాళ్లూ బతికింది. ఇప్పుడిది మొక్క గొంతు నొక్కేస్తోంది. పైన ఎలా ఉబ్బిందో చూడు."

"కొయ్యకపోతే?"

"ఈ ఎండలు దాటదు."

"ఏం మొక్క బాబాయ్ ఇది?"

మాలి ఆకు నలిపి వాసన చూశాడు. "నారింజ జాతిదే. ఏ రకమో తెలీదు. మీ ఆయన ఎక్కడా రాసిపెట్టే రకం కాదుగా! అమ్మకానికి కట్టినవైతే వరుసల్లో ఉంటాయి. దీన్ని ఇక్కడెందుకు పెట్టాడో మరి."

బస్సులో కుండీని ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. పది గంటల దాకా ఎండ పడే మూలన బాల్కనీలో పెట్టింది. కత్తెర పక్కనే ఉంది, చెయ్యి మాత్రం రాలేదు. ఆయన చొక్కాలు ఉతికేసరికి వాసన పోయింది. ఫోటోలో నవ్వు రోజూ చూసి చూసి అరిగిపోయింది. ఆ ముడిలో మాత్రం ఆయన వేళ్ల బిగువు ఇంకా ఉంది. మిషను ఆపి మధ్యమధ్యలో వెళ్లి దాని మీద వేలు ఆనించి వచ్చేది. నాలుగు రోజులు అలాగే గడిపింది. ఈలోగా రెండాకులు రాలాయి.

అయిదో రోజు ఉదయం మూడో ఆకు రాలింది.

"కట్టిన మనిషివి, విప్పేదాకా ఉండొద్దూ?" అని గట్టిగానే తిట్టి, కుట్లు విప్పే చిన్న కత్తెర తీసుకుని కూర్చుంది. ముడి చెదరకుండా పట్టీని జార్చాలని చూసింది. బెరడు దాన్ని మింగేసింది, కదల్లేదు. ఇక ఒక్కో పోగూ కోసుకుంటూ వచ్చింది. ముడి ముక్కలు ముక్కలుగా ఊడింది. కొన్ని దారాలు బెరడు లోపలే ఉండిపోయాయి. వాటిని లాగలేదు. అంత ఏడుపు ఆయన పోయిన రోజు కూడా రాలేదు.

మిగిలిన ఆకు కూడా రాలిపోయింది. నెలన్నర పాటు ఉత్త పుల్లకు నీళ్లు పోసింది. పక్కింటి అమ్మాయి చూసి నవ్వాపుకుంది.

ఒకరోజు పళ్లు తోముకుంటూ బాల్కనీలోకి వస్తే, పట్టీ మచ్చకు పైన గుండుసూది తలంత పచ్చటి చుక్క కనబడింది. "ఇదిగో, ఓసారి ఇటు రా!" అని లోపలి గదివైపు కేకేసింది. కేక వేశాక గాని లోపల ఎవరూ లేరని గుర్తు రాలేదు. నోట్లో నురుగు ఉమ్మేసి వచ్చి, ఆ చుక్కను మళ్లీ వంగి చూసుకుంది.

ఇప్పుడది ఆమె భుజం దాకా వచ్చింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి గాని ఇంకా పూత లేదు. మొన్న పక్కింటి అమ్మాయి వచ్చి అడిగింది:

"ఏం కాయలు కాస్తుందక్కా?"

"చెప్పకుండా పోయాడమ్మా" అంది ఆమె, కుండీని కాస్త ఎండవైపు తిప్పుతూ.