అమావాస్య నాడు దించిన సరుకు

నమ్మకపోతే మానేయండి. విన్నది విన్నట్టే చెప్తాను, ఒక్క ముక్క కలపను.

అనకాపల్లిలో బెల్లం గోదాము పైన గది నాది. ఓనరు సూర్రావు గారిది పక్కిల్లే. నా స్పీకర్ల మోత మీద రోజూ గొడవ. "ఇంకోసారి సౌండు ఇనబడిందా, నీ సామాను రోడ్డు మీదుంటాది," అన్నారు చివరికి. డ్యూటీకి దగ్గరలో మరో గది దొరకదు. అందుకే టీవీ సౌండును వైర్లు లేకుండా హెడ్‌ఫోన్స్‌కి పంపే చిన్న కన్వర్టర్ కొన్నాను. స్పీకర్లు పీకి అటకెక్కించాను. కన్వర్టర్ లైటు మిణుకుమంటే హెడ్‌ఫోన్స్ కోసం వెతుకుతున్నట్టు. నిలకడగా వెలిగితే దొరికినట్టు. దానికి మైకు లేదు. ఇది గుర్తుంచుకోండి.

ఆ రోజు అమావాస్య. ఆ పూట మా వీధిలో ఎవరూ సరుకు దించరు. గోదాముకు తాళం వేసి ఉండటం నేనే చూశాను.

భోజనం అయ్యాక హెడ్‌ఫోన్స్‌లో పాటలు పెట్టుకున్నాను. పాట మధ్యలో... ధబ్.

ఆపేశాను. నిశ్శబ్దం... మళ్లీ ధబ్. బెల్లం దిమ్మను సిమెంటు నేల మీద దించిన చప్పుడు. వెంటనే, బరువు దించినవాడి ఊపిరి. హెడ్‌ఫోన్స్ తీశాను. గదిలో ఏమీ లేదు. పెట్టుకున్నాను. ధబ్. టీవీ నుంచి కన్వర్టర్ వైరు పీకేశాను...

ధబ్. ఈసారి దగ్గరగా.

ఎవరో తలుపు బాదారు. సూర్రావు గారు.

"ఏటయ్యా ఆ మోత? అమావాస్య పూట దిమ్మలు దించుతున్నట్టు సౌండెట్టి ఎటకారాలా? మా ఇంటిదాకా ఇనిపిత్తంది!"

"స్పీకర్లే లేవు బాబాయ్ గారూ, చూడండి. ఇందులోనే వస్తోంది."

"నాటకాలాడకు. ఇలా తే!"

హెడ్‌ఫోన్స్ లాక్కుని చెవులకు పెట్టుకున్నారు. ముఖంలో కోపం అలాగే ఉంది... కళ్లు మాత్రం నన్ను చూడటం లేదు. పెదాలు కదిలాయి. మాట్లాడింది నాతో కాదు.

"సాల్రా... ఇంక దించకు. ఇంటికెళ్లిపో."

హెడ్‌ఫోన్స్ తీసి గోడకేసి కొట్టారు. రెండు ముక్కలయ్యాయి.

"ఎవరండీ?" అన్నాను.

"తెల్లారేసరికి గది కాళీ సెయ్యి. ఎవుడికైనా సెప్పేవా, కాళ్లిరగ్గొడతాను."

ఖాళీ చేశాను. ఇప్పుడు పాయకరావుపేట నుంచి బస్సులో డ్యూటీకి వెళ్తున్నాను. వేరే సిగ్నల్ ఏదో కలిసిందేమో అని లెక్కలు వేశాను. అదే అయితే ఆయన ఎవరితో మాట్లాడినట్టు?

నిన్న కన్వర్టర్ అమ్మేద్దామని, పనిచేస్తోందో లేదో చూడటానికి ప్లగ్గులో పెట్టాను. నా దగ్గర ఇప్పుడు హెడ్‌ఫోన్స్ లేవు. లైటు కాసేపు మిణుకుమంది...

తర్వాత నిలకడగా వెలిగింది.

పక్క గదిలో వాళ్ల హెడ్‌ఫోన్స్ దొరికి ఉంటాయి. అంతే అయ్యుండాలి.