ధర్నాకు అన్మెల్డుంగ్

ఇంటి ముందు బస్సు ఆగి, ముసలివాళ్లు ఎక్కేందుకు వీలుగా ఉస్సురంటూ ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ చప్పుడు వినబడితే చాలు, మా కింది వాటా హెల్గమ్మ గుర్తొస్తుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాక నాకు దొరికిన ఒకే ఒక్క గురువు ఆవిడ. నేను నాలుగో తరగతితో బడికి దణ్ణం పెట్టి, జర్మన్‌ని కూరగాయల ప్రకటనలు చదివి నేర్చుకున్నవాణ్ణి. గురువులంటే మొదటినుంచీ పడదు.

ఒక ఏడు మా వీధి బస్సు స్టాపు ఎత్తేశారు. మతి తప్పి వృద్ధాశ్రమంలో ఉన్న తన చెల్లెలికి హెల్గమ్మ రోజూ మధ్యాహ్నం వెళ్లి తినిపించేది. ఇంకెవరు పెట్టినా ఆ చెల్లెలు నోరు తెరవదు. చక్రాల వాకర్ తోసుకుంటూ ఎత్తెక్కి పై స్టాపు చేరేసరికి బస్సు పోయేది. నాకు తెలిసిన విద్య ఒకటే. వయసులో ఉన్నప్పుడు, విప్లవం వస్తుందని నమ్మి, కరీంనగర్ పల్లెల్లో గోడలమీద ఎర్ర జాజుతో నినాదాలు రాసినవాణ్ణి. విప్లవం రాలేదు. నాతో రాసినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. సరే, ఇక్కడా తెల్లవారుజామున ఎర్రరంగు డబ్బా పట్టుకెళ్లి, స్టాపు వెనక గోడమీద "మా బస్సు మాకు కావాలి" అని రాసొచ్చాను. పొద్దెక్కాక హెల్గమ్మ బకెట్టూ బ్రష్షూ పట్టుకుని తలుపు తట్టింది.

"ఎవరు రాశారది?"

"ప్రజలు."

"ప్రజల గోళ్లలో ఇంకా రంగుంది, చూసుకోండి. పదండి, కడుగుదురుగాని."

నేను గోడ తోముతుంటే వాకర్ సీటుమీద కూర్చుని తన కథ చెప్పింది. పడుచుతనంలో ఆమె కూడా ప్రభుత్వాన్ని దించేస్తామని కాలేజీ వదిలి వీధిలోకి దిగిందట. తాము దిగారు గాని ప్రభుత్వం దిగలేదట. "ఇప్పుడు ధర్నా చేద్దాం, హెర్ నర్సయ్యా. ముందు అన్మెల్డుంగ్ చెయ్యాలి."

అన్మెల్డుంగ్ అంటే ఇల్లు మారినప్పుడు ఆఫీసుకెళ్లి చిరునామా రాయించుకోవడమని ఇక్కడుండే మన తెలుగువాళ్లందరికీ తెలుసు. "ధర్నా ఎక్కడ కాపురం పెడుతుందని దానికి అన్మెల్డుంగ్?" అన్నాను. "ఎవరిమీద అరుస్తామో వాళ్లనే అనుమతి అడుక్కోవాలా?"

"అనుమతి కాదు, కబురు. అడగడం వేరు, వస్తున్నామని చెప్పడం వేరు."

ఫారంలో బాధ్యుడి పేరు రాసే గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పల్లెల్లో గోడలమీద రాసే రోజుల్లో నాకు మూడు పేర్లుండేవి; ఒక్కటీ మా నాన్న పెట్టింది కాదు. సొంత పేరు దొరికితే ఇంటికి పోలీసు జీపొచ్చేది. వంటింట్లోంచి మా అమ్మాయి అరిచింది: "నాన్నా, నీకేమన్న పిచ్చా? వచ్చే నెలనే నీ వీసా రెన్యువల్‌కు ఆఫీసుల టెర్మిన్ ఉంది. నీ పేరు పోలీసోళ్లకు నువ్వే రాసిస్తవా?"

"మీ పేరే రాసుకోండి," అన్నాను హెల్గమ్మతో.

"రాస్తాను. నా పేరు వాళ్ల దగ్గర ఎప్పట్నుంచో ఉంది. కానీ గోడమీద వణకని చెయ్యి కాగితంమీద ఎందుకు వణుకుతోంది?"

ఒళ్లు మండి నా పేరే రాసేశాను.

పదకొండుమందిమి వానలో నిలబడ్డాం. ఇద్దరు పోలీసులొచ్చి బాధ్యులెవరని అడిగారు. "నేనే. నర్సయ్య," అన్నాను. వాళ్లలో ఒకడు చెయ్యి కలిపి, సైకిళ్ల దారికి అడ్డంగా ఉన్నాం, మూడడుగులు ఎడమకు జరగమన్నాడు. అంతే! అన్నేళ్లు దాచుకున్న పేరుకు పడ్డ శిక్ష అది. టెర్మిన్ రోజున వీసా ఆఫీసులో కూడా ఎవరూ దాని ఊసెత్తలేదు.

నాలుగు ధర్నాలకు స్టాపు తిరిగొచ్చింది. ఒక చలికాలమంతా హెల్గమ్మ వేళకు వెళ్లి చెల్లెలికి తినిపించింది. ఇప్పుడు ఇద్దరూ లేరు. స్టాపైతే పెట్టారు గాని, పీకేసిన బెంచీ మళ్లీ వెయ్యలేదు. ఎన్నిసార్లు రాసినా "పరిశీలనలో ఉంది" అని ఒకటే జవాబు. ముసలివాళ్లం నిలబడే పరిశీలించబడుతున్నాం.

వచ్చే మంగళవారం బెంచీ కోసం మళ్లీ ధర్నా. ఫారం ముందేసుకుని కూర్చున్నాను. చెయ్యి వణుకుతోంది, వయసువల్ల. రాసిన పేరు మాత్రం మా నాన్న పెట్టిందే.