చీర కప్పిన స్ట్రోలర్

2023 వేసవి. బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో ఒక పిల్లల క్లినిక్‌లో నేను టీకాలు వేసే నర్సుని. మా దగ్గరికి తల్లులు పిల్లల్ని భుజాన వేసుకునో, కొంగులో చుట్టుకునో ఆటోల్లో వస్తారు. ఆ ఉదయం స్వాతి మాత్రం తన మూడున్నర నెలల కొడుకుని మూడు పెద్ద చక్రాల బండిలో తోసుకుంటూ వచ్చింది. దాన్ని జాగింగ్ స్ట్రోలర్ అంటారు. సైకిల్‌కున్నట్టు గాలి టైర్లు, చేతి బ్రేకు ఉంటాయి. తల్లి పరుగెత్తుతూ బిడ్డను తోసుకుపోవడానికి చేసిన బండి అది.

బండిని చూసి కాదు, వెనకాల వస్తున్న అత్తగారిని చూసి నాకు కడుపు మండిపోయింది. కోడలి కోసం మంచినీళ్ళ సీసా, తువ్వాలు పట్టుకుని వస్తోంది మహాతల్లి! నేనూ రైల్వే స్కూల్లో నాలుగువందల మీటర్లు పరుగెత్తినదాన్నే. పెళ్ళయ్యాక మా అత్తగారు నా బూట్లు ఎవరికో ఇచ్చేసి, “ఇంకేటి పరుగులు?” అంది. అంతే, అయిపోయింది.

“రేపట్నుంచి వీణ్ణి తీసుకుని గ్రౌండ్‌కి వెళ్తున్నా సిస్టర్. లీవు అయ్యేలోపు మళ్ళీ పరుగు మొదలెట్టాలి,” అంది స్వాతి. గుంటూరు పిల్ల, బ్యాంకు ఉద్యోగం.

“ఏటి అంత తొందర? ముందు మెడ నిలవాలి కదా,” అన్నాను. దీన్నే మేం హెడ్ కంట్రోల్ అంటాం. అంటే బిడ్డ తన తలను తనే స్థిరంగా ఆపుకోగలగాలి. వెనక్కి బాగా వాల్చి పడుకోబెట్టి నెమ్మదిగా నడిపిస్తే వేరు. పరుగు కుదుపులకు మాత్రం కనీసం ఆరు నెలలు దాటాలి, అదీ డాక్టరు చూసి సరేనన్నాకే. ఇదంతా చెప్పాను. కానీ చెప్పిన తీరు బాగాలేదు. నా గొంతులో కుళ్ళు నాకే వినపడింది.

అత్తగారికీ వినపడింది. “మా కోడలు పరిగెడితే నీకేటి కష్టం సిస్టరమ్మా?” అంటూ సంచీలోంచి పాత నేతచీర తీసి బండి చుట్టూ కప్పేసింది. “దిష్టమ్మా, దిష్టి! అందరి కళ్ళూ ఒక్కనాగుండవు.”

ఆ కళ్ళు నావేనని వేరే చెప్పాలా?

తర్వాతి వారం డ్యూటీకి ముందు రైల్వే గ్రౌండ్‌లో నడుస్తున్నాను. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. స్వాతి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పరుగెడుతోంది. ముందు బండి, దాని మీద పైనుంచి కిందిదాకా అదే చీర. అత్తగారు బెంచీ మీద కాపలా. నడిచేవాళ్ళలో మన తెలుగువాళ్ళే ఎక్కువ. దిష్టికి కప్పిన బిడ్డను తేరిపార చూడటం మనలో మర్యాద కాదు కదా, అందరూ మొహం తిప్పుకుని పోతున్నారు. నాకు చూపు తిప్పుకోవడం చేతకాలేదు. ఆ పిల్ల ప్రతి చుట్టూ నా గుండెల మీదే తిరుగుతున్నట్టుంది. అలా కుళ్ళుకుంటూ చూస్తుంటే చీర ఒకపక్క ఉబ్బి కనిపించింది. కుదుపు కుదుపుకీ లోపలినుంచి ఏదో అక్కడే కొట్టుకుంటోంది. బిడ్డ తల!

“స్వాతీ, ఆగు!” అని అరిచాను. వినపడలేదు. పరుగెత్తి హ్యాండిల్ పట్టుకున్నాను.

“ముట్టకు! సీర తియ్యకు!” అని పెద్దావిడ కేకలు.

లాగేశాను. అన్నం గిన్నె మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. పిల్లాడి మొహం కందిపోయింది, జుట్టు తడిసిపోయింది, తల భుజం మీదికి వాలిపోయింది. ఫైవ్ పాయింట్ హార్నెస్ అని భుజాలకు, నడుముకు, కాళ్ళ మధ్యన బిగించే పట్టీలుంటాయి. నడుము పట్టీ ఒక్కటే పెట్టారు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది, వాడు ఏడవకపోవడం.

మెడకింద అరచెయ్యి పెట్టి ఎత్తుకుని నీడలోకి తీసుకెళ్ళాను. చొక్కా విప్పి, పెద్దావిడ తువ్వాలును సీసా నీళ్ళతో తడిపి ఒళ్ళంతా తుడిచాను. “వీడు ఏడవట్లేదేంటి సిస్టర్? ఏడవట్లేదేంటి?” అంటూ స్వాతి నా చెయ్యి పట్టుకుంది. కాసేపటికి వాడు నోరు తెరిచి గ్రౌండ్ అదిరిపోయేలా ఏడ్చాడు. హమ్మయ్య! వెంటనే క్లినిక్‌కి తీసుకెళ్ళాం. డాక్టరుగారు పరీక్షించి, మధ్యాహ్నం దాకా ఉంచి, ప్రమాదం లేదన్నారు. స్వాతికి గట్టిగానే చీవాట్లు పడ్డాయి.

బయట వరండాలో స్వాతి మెల్లగా అంది: “ఆ రోజు మీరు చెప్పారు. ఏదో మనసులో పెట్టుకుని అంటున్నారనుకున్నాను.”

“మనసులో పెట్టుకున్నమాట నిజమే. మెడ సంగతీ నిజమే,” అన్నాను.

డాక్టరు సరేనన్నాకే, పిల్లాడు బాగా కూర్చోవడం వచ్చాకే, స్వాతి మళ్ళీ బండి తీసింది. ఎండ రాకముందే వెళ్తుంది. అన్ని పట్టీలూ బిగిస్తుంది, ముందు చక్రం అటూ ఇటూ తిరగకుండా లాక్ చేస్తుంది, బండి జారిపోకుండా దాని పట్టీ మణికట్టుకు తగిలించుకుంటుంది. ఇయర్‌ఫోన్లు లేవు, చీరా లేదు. ఆ పరుగు చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే.

ఆ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఆ ఉదయం గ్రౌండ్‌లో మంచి మనసున్నవాళ్ళంతా మర్యాదగా మొహం తిప్పుకున్నారు. చూసింది ఓర్వలేని నేనొక్కదాన్నే. ఇప్పుడు క్లినిక్‌కి కప్పుకొచ్చిన ఏ బిడ్డనైనా, ఎవరేమనుకున్నా సరే, గుడ్డ తీసి చూశాకే మాట్లాడతాను. స్వాతి అత్తగారు మాత్రం నేను ఎదురైతే చాలు, మనవడి బుగ్గ మీద నల్లచుక్క ఇంకాస్త పెద్దది చేస్తుంది. చెయ్యనీ. చుక్క ఎంత పెద్దదైనా గాలికి అడ్డం రాదు.